తొమ్మిదో నంబరు రక్తం

కిందటి వారం నన్ను నేను ట్రాస్క్ గది తలుపు ముందు నిలబెట్టి వదిలేశాను. తలుపు మీద చెయ్యి వేశాను గాని తట్టలేదు. చదువుతూ వస్తున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి, ఇవాళే పుస్తకం తెరిచినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళ్తాను.

నా పేరు రెజీనా దుదాష్. పుట్టింది, పెరిగింది, చదువుకుంది, పోట్లాడింది అంతా ఈ పిట్స్‌బర్గ్‌లోనే. ప్రొఫెసర్ వెండెల్ ట్రాస్క్ ల్యాబులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆడవాళ్ళకి అండాశయంలో వచ్చే క్యాన్సర్‌ని ఒక్క రక్తపరీక్షతో ముందుగా పట్టుకోవాలన్నది మా తపన. ఆ జబ్బు చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది. బయటపడే వేళకి సాధారణంగా ఆలస్యమైపోతుంది.

మన ప్రతి కణంలోనూ క్యాన్సర్‌ని అడ్డుకునే కాపలా జన్యువులు ఉంటాయి. అవి పాడైపోతేనే జబ్బు వస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. పాడవ్వక్కర్లేదు. వాటి మీద మిథైల్ అనే చిన్న చిన్న రసాయనపు మూతలు పడితే చాలు, జన్యువు చెక్కుచెదరకుండా ఉంటుంది గాని నోరు మెదపదు. అలా మూతపడిన జన్యువుల ముక్కలు రక్తంలో తేలుతున్నాయంటే ఒంట్లో ఎక్కడో క్యాన్సర్ మొదలైందని అర్థం. రోగుల రక్తంలో మూతలు కనిపించాలి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో కనిపించకూడదు. మా పరీక్ష మొత్తం అదే.

ఆరోగ్యవంతుల రక్తంలో మొదటి పది గొట్టాలు మా ల్యాబు ఆడవాళ్ళవే ఉంటాయి. అది మా అంతస్తు ఆచారం. కొత్త పరీక్ష మొదలైనప్పుడల్లా ముందు మేమే చొక్కా చేతులు మడుస్తాం. నర్సు రక్తం తీస్తుంది, ట్రాస్క్ అందరికీ డోనట్లు తెప్పిస్తాడు. నంబర్ల చీటీలు బేస్‌బాల్ టోపీలో వేసి కలిపి, చూడకుండా తీసి గొట్టాలకి అంటిస్తాం. ఏ నంబరు ఎవరిదో ఎక్కడా రాయం. 'మీ రక్తంలో ఏం కనిపించినా మీకు చెప్పం, ఎవరిదో కనుక్కోం' అన్న మాట మీద అందరం సంతకం పెడతాం. అక్టోబర్‌లో తీసిన ఆ పది గొట్టాల్లో తొమ్మిది నోరు మూసుకుని కూర్చున్నాయి. తొమ్మిదో నంబరు మాత్రం క్యాన్సర్ రోగి రక్తంలా మాట్లాడింది.

"మందు పట్టలేదు, తీసెయ్" అన్నాడు ట్రాస్క్. ఆ మాటలో అర్థముంది. మూతలు చూడాలంటే డీఎన్‌ఏని ఒక ఘాటైన మందులో నానబెట్టాలి. మూత లేని అక్షరాలు మారిపోతాయి, మూత ఉన్నవి అలాగే మిగులుతాయి. మందు సరిగ్గా పట్టకపోతే మారాల్సినవి మారక, అన్నిటి మీదా మూతలున్నట్టే కనిపిస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరం ఎప్పుడో ఒకప్పుడు ఆ గోతిలో పడ్డవాళ్ళమే. అందుకని తొమ్మిదో నంబరు మా పరిశోధన పేపర్లోంచి మాయమైపోయింది. ఆ పేపరు ఇవాళ సాయంత్రం సైన్సు పత్రికకి వెళ్ళిపోవాలి.

నేను మాత్రం ఊరుకోలేక తొమ్మిదో గొట్టంలో మిగిలిన రక్తాన్ని మళ్ళీ పరీక్షించాను. అక్కడిదాకా మీకు తెలుసు. ఇప్పుడు తలుపు తడుతున్నాను.

"రా రెజీ, రా. ముందు ఇది తిను, తర్వాత మాట్లాడు" అన్నాడు ట్రాస్క్.

బల్ల మీద రేకు డబ్బా ఉంది. అందులో గసగసాల రొట్టె. ట్రాస్క్ భార్య మార్గిట్ చేతి వంట అది, మా అంతస్తులో దానికోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళున్నారు. హంగరీ నుంచి చిన్నప్పుడే వచ్చింది మార్గిట్. బడిలో సంగీతం చెప్పి రిటైరయింది. ఆవిడని నేను నాలుగైదుసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ ఆవిడ నాకు తినడానికి ఏదో ఒకటి పెట్టింది.

"వద్దండీ. ఆకలి లేదు."

"నీకూ లేదూ? మా ఆవిడా అదే మాట. రెండు చెంచాల సూపు తాగి కడుపు నిండిపోయిందంటుంది, కంచం నా వైపు తోసేస్తుంది. ఇంట్లో రెండు వాటాలూ నావే. చూడు, ప్యాంటు గుండీ పట్టడం లేదు" అని నవ్వాడు. ఆయనకి అరవై నాలుగేళ్ళు, చెవి కొంచెం మందం, మంచి మనిషి. ఈ గొడవ మొత్తంలో నన్ను బాగా విసిగించింది ఆ చివరిదే. చెడ్డవాడైతే పోట్లాట ఎంత సుఖంగా ఉండేది!

నేను కూర్చోలేదు. "తొమ్మిదో నంబరు మళ్ళీ చేశాను" అన్నాను.

నవ్వు ఆగింది. "ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదు. ఈసారి అందులో మూతలేవీ లేని డీఎన్‌ఏ కొంచెం కలిపాను. మందు పట్టకపోతే అది కూడా మారకూడదు కదా? మొత్తం మారిపోయింది. మందు బ్రహ్మాండంగా పట్టింది. తొమ్మిదో నంబరు మీది మూతలు మాత్రం అలాగే ఉన్నాయి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక్కసారేనా?"

"మూడుసార్లు. మూడోసారి వేరే మనిషి చేత చేయించాను, ఏ గొట్టమో చెప్పకుండా."

"అయితే గొట్టంలోకి ఎవరో రోగి రక్తం చుక్క పడి ఉంటుంది."

"పడలేదు. రెండు రకాల రక్తం కలిస్తే రెండు రకాల గుర్తులు కనిపించాలి. ఒక్క మనిషి రక్తమే అది. ప్రొఫెసర్, మనం పొరపాటని చెత్తబుట్టలో వేసింది పొరపాటు కాదు. ఈ అంతస్తులో ఒకావిడ కడుపులో క్యాన్సర్ పెట్టుకుని తిరుగుతోంది. రోజూ మనకి గుడ్ మార్నింగ్ చెబుతోంది. ఆవిడకి తెలీదు."

ట్రాస్క్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద నది మీద పొగమంచు ఇంకా విడలేదు. వంతెన సగమే కనిపిస్తోంది. ఆయన వీపు నాకు కనిపిస్తోంది, మొహం కనిపించడం లేదు. ఆ మొహం చూడాలని నాకు చాలా ఆత్రంగా ఉంది.

"సరే, నిజమే అనుకుందాం. ఏం చేద్దామంటావు? టోపీలో చీటీలు కలిపింది ఎందుకు? ఎవరిదో తెలియకూడదనే కదా? తెలీదు. అయిపోయింది."

"పదిమందికీ చెబుదాం. అందరూ స్కానింగు చేయించుకుంటారు."

"చేయించుకుంటారు. పదిమందీ రాత్రిళ్ళు నిద్ర మానేస్తారు. స్కానింగులో ఏదో మచ్చ కనిపిస్తుంది, ఎవరికైనా కనిపిస్తుంది. ఎవరో కత్తి పట్టుకుని కోసేస్తారు." ఆయన ఇటు తిరిగాడు. మొహం ఎర్రబడి ఉంది. "నీకెప్పుడూ చెప్పలేదు. ఈ ల్యాబు పెట్టిన కొత్తలో నేనూ నీలాగే ఉండేవాణ్ణి. పాత పరీక్ష ఒకటి, రీడింగు చూసి తట్టుకోలేక ఒకావిడకి ఫోను చేశాను. ఆవిడ పరిగెత్తుకెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. అన్నీ తీసేశారు. లోపల ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ళ మనిషి, పిల్లలు కావాలని ఎదురుచూస్తోంది. నాకు ఉత్తరం కూడా రాయలేదు. తిడుతూ రాసినా బాగుండేది."

ఆయన మళ్ళీ వచ్చి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజే అనుకున్నాను. మాటిస్తే మాటే. మా అమ్మ రక్తమైనా సరే, చెప్పేది లేదు. మన కుటుంబాల వాళ్ళ రక్తం ఈ గడప తొక్కకూడదని రూలు పెట్టింది కూడా అందుకే. తెలిసినవాళ్ళదైతే మనసు పీకుతుంది. ఇప్పుడు నీకు పీకుతున్నట్టు."

ఇక్కడ నేను నోరు మూసుకుని బయటికి వచ్చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో సరి. నా నోటి సంగతి మా అమ్మని అడగండి.

"ఎవరిదో తెలీదన్నారు కదా. తెలుసు" అన్నాను.

"ఏంటీ?"

"గడియారం నడిపాను."

ఆయనకి వివరించనక్కర్లేదు, మీకు చెబుతాను. వయసు పెరిగేకొద్దీ మన డీఎన్‌ఏ మీద మూతలు కొన్నిచోట్ల పెరుగుతాయి, కొన్నిచోట్ల రాలిపోతాయి. ఆ లెక్క పట్టుకుని మనిషి మొహం చూడకుండానే వయసు చెప్పొచ్చు. దాన్ని గడియారం అంటాం. ఇంకోటి కూడా ఉంది. సిగరెట్లు తాగితే ఒక జన్యువు మీది మూతలు రాలిపోతాయి. మానేశాక మెల్లిగా మళ్ళీ వస్తాయి గాని పూర్తిగా రావు. ఎప్పుడో మానేసినా రక్తం మరిచిపోదు. తొమ్మిదో నంబరు తెల్లకణాలు ఫ్రీజర్లో మిగిలి ఉన్నాయి. నేను రెండూ చూశాను.

"నువ్వు సంతకం పెట్టావు రెజీ." ఆయన గొంతు చాలా మెల్లగా ఉంది. అరిస్తే బాగుండనిపించింది. "కనుక్కోం అని నీ చేత్తో సంతకం పెట్టావు. ఇది బయటికి తెలిస్తే నిన్ను ఏ ల్యాబూ గుమ్మం ఎక్కనివ్వదు. నేను కూడా ఆపలేను."

"తెలుసు."

"రేపు నీ రక్తంలో ఏముందో నేను ఇలాగే తవ్వి తీస్తే ఊరుకుంటావా?"

"నాకు క్యాన్సర్ ఉంటే తవ్వండి, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను. వయసు అరవైకి అటూ ఇటూగా ఉంది ప్రొఫెసర్. ఒకప్పుడు బాగా సిగరెట్లు తాగింది. మానేసి పదేళ్ళ పైమాటే. ఆ రోజు రక్తం ఇచ్చినవాళ్ళలో మిగతా అందరం నలభై లోపువాళ్ళం. ఇంకెవరున్నారు? మీరే చెప్పండి."

ఆయన చెప్పక్కర్లేదు. మా అంతస్తులో ఆ వయసు మనిషి ఒక్కతే ఉంది. లొరెట్టా సబోల్. ల్యాబు మేనేజరు. ట్రాస్క్ ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన పెట్టెలు మోయించింది ఆవిడే. ఆయన మొదటి గ్రాంటు పోయినప్పుడు పక్కన కూర్చుని తిట్టింది ఆవిడే. నాకు ఉద్యోగం ఇచ్చిన మొదటి వారంలో నా బూట్లు చూసి "చలికాలం వస్తోంది పిల్లా, ఇవి బూట్లా?" అని కొత్తవి కొని తెచ్చింది కూడా ఆవిడే. ఒకప్పుడు వెనక మెట్ల దగ్గర నిలబడి రైలింజనులా పొగ వదిలేదట.

ట్రాస్క్ కుర్చీలో కూలబడ్డాడు. "లొరెట్టా" అన్నాడు. రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నాడు.

తర్వాత చేతులు మెల్లిగా దిగాయి. ఆయన నన్ను కాదు, గోడని చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఆయనతో ఆరేళ్ళు పనిచేసినదాన్ని, ఆ చూపు నాకు తెలుసు. లెక్క కుదిరినప్పుడు వచ్చే చూపు అది.

"తనకి నిజంగానే ఉంటే... తనకి ఇంకా ఏ బాధా లేదు, ఏ డాక్టరూ ఏమీ అనలేదు. అంటే మన పరీక్ష అందరికంటే ముందు పట్టేసింది. అక్టోబర్‌లోనే పట్టేసింది. రెజీ, తొమ్మిదో నంబరు మన పేపరుకి మచ్చ కాదు. మన పేపర్లో అన్నిటికంటే గొప్ప..."

అక్కడ ఆగాడు. నేను చూస్తున్నానని గమనించాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో కనిపించింది సంతోషం. అచ్చమైన సంతోషం. అంతవరకూ ఆయన మీద నాకున్నది కోపం మాత్రమే, ఆ క్షణంలో అసహ్యం వేసింది. ఆ సంగతి ఆయనకి అర్థమైంది. తల దించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని లొరెట్టా వచ్చింది. ఆవిడ ఎప్పుడూ తలుపు తట్టదు.

"చేప! వేడివేడిగా ఉంది. ఫాదర్ ఇవాళ స్వయంగా వేయించాడు, పాపం ముక్క మాడ్చాడు గాని దేవుడి పేరు చెప్పుకుని తినండి." ఈస్టర్ ముందు వచ్చే శుక్రవారాల్లో మాంసం ముట్టకూడదు కనుక లొరెట్టా వాళ్ళ చర్చిలో చేపలు వేయించి అమ్ముతారు. మా అంతస్తు మొత్తానికి ఆవిడే మోసుకొస్తుంది. నూనె మరకల సంచీ బల్ల మీద పెట్టి మా ఇద్దరి మొహాలూ చూసింది. "ఏంటి, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఏం లేదు లొరెట్టా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు ట్రాస్క్.

"లొరెట్టా, కూర్చో" అన్నాను నేను.

"రెజీ, వద్దు."

"కూర్చో లొరెట్టా."

"రెజీనా!" ట్రాస్క్ లేచి నిలబడ్డాడు. "ఒక్క ముక్క మాట్లాడావంటే ఈ ల్యాబులో నీకిదే ఆఖరి రోజు."

"అలాగే కానివ్వండి."

లొరెట్టా కూర్చుంది. ఆవిడ కోటు ఇంకా విప్పలేదు. నేను ఆవిడ ఎదురుగా బల్ల అంచు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. టోపీ, తొమ్మిదో నంబరు, మందు, గడియారం, సిగరెట్లు, అన్నీ. 'ఇది ఇంకా ఖాయం కాదు, ముందు స్కానింగు చేయించాలి, ఇంత తొందరగా తెలిస్తే బతికి బట్టకట్టేవాళ్ళు చాలామంది' అని ఆ మాటే రెండుసార్లు అన్నట్టున్నాను.

లొరెట్టా చెయ్యి మెల్లిగా వెళ్ళి పొట్ట మీద ఆగింది. "నాకా?" అంది.

"ఇంకా తెలీదు లొరెట్టా. కానీ..."

"మా అమ్మ కూడా దీంతోనే పోయింది." చిన్నపిల్ల గొంతులా ఉంది ఆవిడ గొంతు. "నాకు వస్తుందనే అనుకుంటూ బతికాను. ప్రతి పుట్టినరోజుకీ అనుకునేదాన్ని." కళ్ళు తుడుచుకుని ముక్కు చీదింది. ఉన్నట్టుండి చీదడం ఆపేసింది. "ఆగు. ఏ రక్తం అన్నావ్? అక్టోబర్‌లో తీసిందా? టోపీ రక్తం?"

"అవును."

"అక్టోబర్‌లో నేనివ్వలేదే!"

నేను ట్రాస్క్‌నీ, ట్రాస్క్ నన్నూ చూశాం.

"ఇవ్వలేదు తల్లీ! పొద్దున్నుంచి ఏమీ తినలేదు, సూది చూడగానే కళ్ళు తిరిగాయి. నీకు వద్దు పొమ్మంది నర్సు. నా రక్తం ఆ టోపీలో లేనే లేదు. అమ్మయ్య! మేరీ మాతా, నీకు వెయ్యి దణ్ణాలు. గుండె ఆగిపోయిందనుకున్నా. చంపేశావు కదే పిల్లా!" లొరెట్టా పకపకా నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నా మోకాలి మీద ఒక్కటి చరిచింది. నాకూ నవ్వు వచ్చేసింది. ఎందుకో తెలీదు, ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం.

ట్రాస్క్ నవ్వలేదు. "పది గొట్టాలు వచ్చాయి. నేనే లెక్కపెట్టాను. నువ్వివ్వకపోతే పదోది ఎవరిచ్చారు?" అన్నాడు.

లొరెట్టా నవ్వు మధ్యలోనే తెగిపోయింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ఆవిడ ట్రాస్క్ వైపు చూడలేదు. బల్ల మీద ఉన్న రేకు డబ్బా వైపు చూసింది.

ఆ చూపు వెంట నా చూపూ వెళ్ళింది. గసగసాల రొట్టెలో సగం అలాగే ఉంది.

"లొరెట్టా" అన్నాడు ట్రాస్క్.

"నువ్వు ఆ రోజు పది కావాలి, పది కావాలి అని అరుస్తున్నావు వెండెల్. తొమ్మిదైతే లెక్క చెడుతుందన్నావు. మార్గిట్ నీ కళ్ళజోడు ఇవ్వడానికి వచ్చింది. ఇంట్లో మరిచిపోయావు కదా? నేను గోడకానుకుని కూర్చుని ఉన్నా. 'ఇంతేనా, నేనిస్తా పట్టు' అని చొక్కా చెయ్యి మడిచి నా కుర్చీలో కూర్చుంది. ఇంటివాళ్ళ రక్తం తీసుకోకూడదని నీ రూలు కదా, అందుకని నీకు చెప్పొద్దంది. ఒక్క గొట్టమే కదా అనుకున్నా. రక్తమంటే రక్తమే కదా అనుకున్నా."

"లేదు." ట్రాస్క్ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆ ఊపులో కొంచెం ధైర్యం కూడా ఉంది. "లేదు లేదు. నువ్వు పొరబడుతున్నావు. రెజీ, సిగరెట్లు అన్నావు కదా? మార్గిట్ జన్మలో సిగరెట్ ముట్టలేదు. తనకి ఆ వాసనే పడదు. అది మార్గిట్ రక్తం కాదు. ఇంకెవరో ఉండి ఉంటారు."

లొరెట్టా ఏడుపు మొహంతో ఆయన్ని చూసింది.

"వెనక మెట్ల దగ్గర నేను రెండు చేతుల్లో రెండు సిగరెట్లు పట్టుకుని కనిపించేదాన్ని, గుర్తుందా? 'ఒకేసారి రెండు తాగుతావా, ఊపిరితిత్తులు బూడిదవుతాయి' అని నాకు ఎన్ని లెక్చర్లు ఇచ్చావు! రెండోది తనది వెండెల్. నీ అడుగుల చప్పుడు వినగానే నా చేతిలో పెట్టేసేది. ఏళ్ళ తరబడి తనకి పడాల్సిన తిట్లు కూడా నేనే తిన్నాను. ఇద్దరం ఒకే ఏడు ఈస్టర్ ఉపవాసాల్లో మానేశాం. ఒకరి మీద ఒకరు ఒట్టేసుకున్నాం. నీకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటావని నీకు చెప్పనే లేదు."

ట్రాస్క్ చెయ్యి వెళ్ళి డబ్బా మూత పట్టుకుంది, మూశాడు, మళ్ళీ తీశాడు.

నాకు అప్పుడు వెలిగింది. గదిలోకి వచ్చిన మొదటి నిమిషంలోనే ఆయన నోటి నుంచే విన్నాను. విని కూడా వినలేదు. 'రెండు చెంచాల సూపు తాగి కడుపు నిండిపోయిందంటుంది.' మేం రాసే ప్రతి పేపరు ఒకే పేరాతో మొదలవుతుంది. ఆ పేరా ట్రాస్క్‌ది, మమ్మల్ని ముట్టుకోనివ్వడు. ఈ జబ్బుకి తొలి గుర్తులు చాలా మామూలుగా ఉంటాయనీ, కొంచెం తినగానే కడుపు నిండినట్టుండడం, ఉబ్బరం, అలసట చూసి రోగులూ డాక్టర్లూ కూడా అజీర్తి అనుకుంటారనీ రాస్తాడు. ఇరవై ఏళ్ళ నుంచి అదే పేరా రాస్తున్నాడు. ఇవాళ సాయంత్రం వెళ్ళాల్సిన పేపర్లో కూడా అదే ఉంది.

నేను నోరు తెరవక్కర్లేకపోయింది. ఆయన పెదవులు కదులుతుంటే ఆ వాక్యమే చదువుకుంటున్నాడని తెలిసింది. చివరికి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాడు.

"నేను సంతోషపడ్డాను. ఇందాక. నువ్వు చూశావు" అన్నాడు నాతో.

"ప్రొఫెసర్..."

"చూశావు రెజీ."

బల్ల మీద ఫోను మోగింది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం. ట్రాస్క్‌కి చెవి మందం కాబట్టి ఎప్పుడూ స్పీకరు మీటే నొక్కుతాడు. అలవాటు కొద్దీ అదే నొక్కాడు.

"వెండెల్!" మార్గిట్ గొంతు గదంతా నిండింది. పాట పాడబోతున్నట్టు ఉంటుంది ఆవిడ గొంతు. "డాక్టర్ దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చా. విను, నవ్వకు. గ్యాసేనట! వయసొచ్చింది కదా, ఇవన్నీ మామూలేనట, క్యాబేజీ తగ్గించమన్నాడు. నేను క్యాబేజీ తగ్గించడమేంటి, నువ్వే చెప్పు. సరే, ఇంక నీ మాట ప్రకారం డాక్టర్ చూసేశాడు, ఏమీ లేదన్నాడు, ఇంక నువ్వు నన్ను ఆపడానికి లేదు. ఇల్దికోకి ఫోన్ చేసి చెప్పేశా. రేపు పొద్దున్నే విమానం. చెల్లెల్ని చూసి నాలుగేళ్ళయింది, ఎండాకాలం అయ్యేదాకా బుడాపెస్ట్‌లోనే ఉంటాను. నీకు సూపులు చేసి ఫ్రీజర్లో పెట్టి వెళ్తాలే."

ట్రాస్క్ వేలు ఇంకో మీట మీదికి వెళ్ళింది. మన మాట అవతలికి వినపడకుండా చేసే మీట అది. నొక్కాడు. ఆయన మొహంలో రక్తమన్నది లేదు.

"రెజీ, మందు పట్టలేదేమో కదా?"

నేను ఫోను వైపు చూశాను.

"మూడుసార్లూ పట్టలేదేమో. అవుతుంది, నువ్వూ చూశావు కదా, అవుతుంది. గొట్టంలో ఏదో పడి ఉంటుంది. గడియారం తప్పు చూపించొచ్చు. ఎక్కడో పొరపాటు ఉండే ఉంటుంది." ఆయన బల్ల మీదుగా వంగి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఉందని చెప్పు తల్లీ. నీకు దణ్ణం పెడతాను, ఉందని చెప్పు."

అరగంట నుంచి పొరపాటు లేదని ఆయనతో గొంతు చించుకున్నది నేనే. ఉద్యోగం పోయినా సరే నిజం చెప్పి తీరాలన్నది నేనే. ఇప్పుడు నా నోట మాట రావడం లేదు. ఆయన మీద అసహ్యం ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలీదు.

"వెండెల్? వింటున్నావా?" అంది మార్గిట్. పెట్టె జిప్పు లాగుతున్న చప్పుడు వినిపించింది. "మళ్ళీ వినిపించడం లేదు కాబోలు, ఆ చెవి మిషను పెట్టుకోమంటే పెట్టుకోవు. వెండెల్!"

ట్రాస్క్ ఆ మీట మీద వేలు అలాగే ఆనించి కూర్చున్నాడు. మాటిస్తే మాటే అన్న మనిషి, ఇచ్చిన మాటకీ భార్య గొంతుకీ మధ్య ఎటూ కదల్లేక ఉన్నాడు. నేనూ కదల్లేదు. ఆ కాగితం మీద మా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

లొరెట్టా లేచింది. ఆ రోజు సూది చూసి కళ్ళు తిరిగిన మనిషి ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ట్రాస్క్ వేలిని పట్టుకుని పక్కకి తీసి, మీట తనే నొక్కింది.

"మార్గిట్, నేను, లొరెట్టాని" అంది. "ఆ పెట్టె సర్దడం ఆపి ముందు కూర్చో."